నాలుగో గదిలో అలకపండు

నవంబర్ 6

ఒరేయ్ చేపా,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కవరు తెచ్చి ఐదు రోజులైంది. మొదటిరోజు కలంలో సిరా లేదు. రెండోరోజు కళ్లజోడు కనబడలేదు. మూడోరోజు రెండూ దొరికాయి గానీ మొహం చెల్లలేదు. చివరికి మీ అక్కే, "ఆ కవరు నాటడానికి తెచ్చారా, రాయడానికి తెచ్చారా?" అంటే కూర్చున్నాను.

మీ నాన్న పెట్టిన ఆపిల్ చెట్టు, మన అలకపండు చెట్టు, పడిపోయింది. పోయిన మంగళవారం గాలికి. గాలి వట్టి నెపం. మొదలు లోపల ఎప్పుడో గుల్లైపోయింది. ఈ ఏడు చిగురు కూడా వెయ్యకపోతే, వయసు మీద పడింది, విశ్రాంతి తీసుకుంటోంది అనుకున్నాను. నాకూ అదే వయసు కదా, చెట్టు మీద జాలిపడ్డాను. పుల్లలు విరిచి చూస్తే ఒక్కదాంట్లో పచ్చి లేదు. చుట్టుపక్కల తోటలన్నింటికీ అంట్లు కట్టిపెట్టిన చేతులివి. ఇంట్లో చెట్టుకి మాత్రం "వచ్చే చలికాలం చూద్దాం" అంటూ మూడు చలికాలాలు జరిపాను.

"గింజలు నాటుకోరాదూ" అన్నాడు పక్కింటి దర్జీ. వాడికి గుడ్డ తెలుసు గానీ గింజ తెలియదు. ఆపిల్ గింజకి తల్లి గుణం రాదు. వంద గింజలు వేస్తే వంద తలతిక్క కాయలొస్తాయి. ఎప్పుడో ఒకటి లాటరీ తగులుతుంది. ఆ పచ్చటి గ్రానీ స్మిత్ ఉందే, ఒక ముసలమ్మ వంటింటి చెత్త పారబోసిన చోట మొలిచిందంటారు. ఉడికించుకునే బ్రామ్లీ ఒక ఆడపిల్ల నాటిన గింజ. పేరు మాత్రం తర్వాత ఆ ఇల్లు కొనుక్కున్న మాంసం కొట్టువాడిది! చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లని చూశాం. ఈ మహానుభావుడు చెట్టుకే తన పేరు చెప్పించుకున్నాడు. ఇవన్నీ నీకెలా తెలుసంటావా? నాలుగో క్లాసుతో బడి మానేసినా, అంట్లకి చుట్టే పాత కాగితాలు చదివాకే చుట్టేవాణ్ని.

కాబట్టి కొమ్మ కావాలి. ఎక్కడో ఏ తోటలోనో ఇంకో అలకపండు చెట్టు ఉండకపోదు. మీ నాన్న అయినా పుల్ల ఎక్కడినుంచో తెచ్చుకున్నవాడే. నువ్వు పనిచేసే కోల్డ్ స్టోరేజికి పది తోటల సరుకు వస్తుంది. కన్నేసి ఉంచు. గుర్తులు మరిచిపోయి ఉంటే మళ్లీ చెబుతున్నాను: పచ్చ మీద మట్టిరంగు గరుకు, ఒక పక్క నిలువునా కుట్టు వేసినట్టు గీత. అక్టోబరులో కోస్తే రాయి. కొరికితే చెవులు కదులుతాయి. "అలిగింది, పలకరించకండి" అని మీ నాన్న అటకెక్కించేవాడు. మూడు నెలలకి తనే దిగొచ్చేది, సోంపు వాసనతో, తేనె తీపితో. దిగొచ్చిందనడానికి ఒకటే సాక్ష్యం, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజలు గిలక్కాయలా మోగడం. మోగనిదే ఆయన కత్తి పెట్టనిచ్చేవాడు కాదు.

మీ అక్క నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాకు భయం అందుకే. రోజూ ఆ మొద్దు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

ఇట్లు,
పండు లేకుండానే అలక చూస్తున్న నీ బావ


నవంబర్ 20

బావగారికి,

మీ ఉత్తరం అందింది. చెట్టు కబురు చదివాక ఆ రోజు రిజిస్టరులో రెండు అంకెలు తప్పు రాశాను. అక్కని అడిగానని చెప్పండి. ఆవిడ అల్లిన నీలం స్వెటరే ఇప్పటికీ డ్యూటీలో వేసుకుంటున్నాను. మోచేతుల దగ్గర నేనే కుట్టుకున్నాను, చూస్తే తిడుతుంది.

మీరు అడిగింది ఇక్కడ ఉందనుకుంటాను. అక్టోబరు మొదట్లో ఒక ఆవిడ పాత తోట సరుకు, అప్పుడే కోసింది, తెచ్చింది. మగవాళ్ల టోపీ పెట్టుకుని తిరుగుతుంది, మేం టోపీ ఆవిడ అంటాం. నలభై రకాలు, మూడొందల చెట్లు, ఏది ఏమిటో ఆవిడకే తెలియదు. పెట్టెల మీద వరస నంబర్లు మాత్రం సుద్దతో రాసింది. వాటిలో కుట్టు గీత ఉన్న కాయలు నేను చూశాను. దించేటప్పుడు హడావిడి, నంబరు గుర్తులేదు. ఆ పెట్టెలన్నీ ఇప్పుడు నాలుగో గదిలో ఉన్నాయి.

ఫిబ్రవరి 25న ఆ తోటలోకి యంత్రాలు వస్తున్నాయి. చెట్లన్నీ పీకేసి గోదాములు కడతారట. కొమ్మలు అడిగితే, "మూడొందల చెట్లెక్కడానికి నేనేమైనా కోతినా? వరస నంబరు చెప్పు, ఒక కట్ట కోసి పంపిస్తా" అంది. అంటే నంబరు తెలియాలి, అదీ ఫిబ్రవరి లోపల. గది ఏప్రిల్ దాకా తెరవరు.

ఎందుకు తెరవరంటారేమో. లోపల చలి ఒక్కటే కాదు. గాలిలోంచి ప్రాణవాయువు లాగేస్తాం. వందలో రెండు మూడు పాళ్లు మిగులుస్తాం. కాయ కోశాక కూడా ఊపిరి తీస్తుంది, తీసేకొద్దీ ముదురుతుంది. ఊపిరి తగ్గిస్తే నిద్రపోతుంది. అక్టోబరులో పెట్టింది ఏప్రిల్లో తీసినా అక్టోబరు కాయే. పోయిన వారం తలుపు గాజులోంచి టార్చి వేస్తే ఒక పెట్టె మీద ఎలుక కనబడింది. కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. పారిపోవాలని కూడా దానికి తోచినట్టు లేదు.

మేనేజరుని ఒక్క కాయ అడిగాను. "మీ బావ నాలిక కోసం వెయ్యి పెట్టెల గది తెరవాలా?" అన్నాడు. లోపలికి వెళ్లే సిలిండరు, మాస్కు మెకానిక్ దగ్గర తాళంలో ఉంటాయి. మేనేజరు సంతకం లేనిదే ఇవ్వడు.

ఏం చెయ్యమంటారో రాయండి.

మీ
చేప


డిసెంబర్ 1

ఒరేయ్ చేపా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి మీ అక్కకి రెండుసార్లు వినిపించాను. ఎలుక దగ్గర మాత్రం దాటేశాను. అది మందు తిని చచ్చి ఉంటుందిలే. గోదాం అన్నాక మందు పెట్టరా?

ఆపిల్ ఊపిరి తీస్తుందని నువ్వు నాకు చెబుతున్నావా! అటక మీద బంగాళాదుంపల పక్కన పెడితే వాటికి మొలకలొచ్చేది ఎవరి ఊపిరి వల్లంటావ్? ఒకసారి మీ అక్క పచ్చి అరటికాయల బుట్టలో అలకపండొకటి దాచింది. రెండు రోజుల్లో అరటికాయలన్నీ పసుపు. ఆపిల్ పక్కన ఉన్నవాళ్లని ముసలాళ్లని చేస్తుందిరా. నన్ను చూడు.

అసలు సంగతికొస్తాను. ఏదో ఒక వరస నంబరు గుడ్డిగా చెప్పేసి కొమ్మ తెప్పించుకోవచ్చు. అంటు కట్టి, ఐదేళ్లు నీళ్లు పోసి, మొదటి కాపు చూసి, "ఛీ, ఇది కాదు" అనుకునే తీరిక నాకు లేదు. డెబ్బై ఆరేళ్లవాడు ఒక్కసారే కడతాడు. కాయ కళ్లారా చూడాలి.

గాజు తలుపుకి కింద చిన్న తలుపు ఒకటి ఉందని నువ్వే ఒకసారి రాశావు. అక్కణ్నుంచి పెట్టెల దాకా ఎంత దూరం? పదడుగులా? ఒరే, నా పెళ్లినాటికి నువ్వు నిక్కరు జారిపోకుండా పట్టుకుని తిరిగేవాడివి. పెళ్లైన మూడోరోజు కాలవలో నాతో పందెం కాసి, నేను నూట ఇరవై లెక్కపెట్టేదాకా నీళ్లలోంచి లేవలేదు. ఆ రోజే కదా నీకు చేప అని పేరు పెట్టాను! నిండు కాలవలో నూట ఇరవై ఉన్నవాడివి, పొడి గదిలో ముప్ఫై ఉండలేవా? ఊపిరి బిగపట్టు, వెళ్లు, ఒక కాయ జేబులో వేసుకో, రా. అంతమాత్రానికి మేనేజరు సంతకం, తాళాలు, సిలిండర్లు! పేరు మార్చుకుంటానంటే చెప్పు, కప్ప అని పిలుస్తాను.

మీ అక్క కూడా ఏదో రాయమంది. కాగితం అయిపోయింది.

ఇట్లు,
నీ లెక్క ఇంకా మరిచిపోని బావ


డిసెంబర్ 18

బావగారికి,

ఈ ఉత్తరంతోపాటు చిన్న పెట్టె పంపుతున్నాను. ఊకలో ఒక కాయ ఉంటుంది. ఏడో వరస.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. ఆదివారం మిషన్లు చూసుకోవడానికి ఒక్కడినే ఉంటాను. ప్యాకింగులో పనిచేసే పెద్దావిడ మరిచిపోయిన గొడుగు కోసం వచ్చింది, బతిమాలి నిలబెట్టుకున్నాను. "ఏమయ్యా, పింఛనుకి నాలుగు నెలలుంది, ఇప్పుడేం పోయేకాలం?" అని తిడుతూనే నా నడుముకి తాడు కట్టింది. చిన్న తలుపుకి నాలుగు బోల్టులు. పాకుతూ వెళ్లాలి. బయట పదిసార్లు గట్టిగా ఊపిరి తీసుకుని వెళ్లాను. ఎడమ పక్క రెండో దొంతరలో 7 అని సుద్ద. కాయ తీశాను. వెనక్కి తిరిగేటప్పుడు స్వెటరు మేకుకి తగులుకుంది. అది విడిపించుకునేటప్పుడు ఒక గుక్క, సగం గుక్క, లోపలి గాలి పీల్చానేమో. నాకు తెలియదు. పీల్చలేదనే అనుకున్నాను. బయటికొచ్చి బోల్టులు బిగిస్తుంటే చేతులు నావి కావేమో అనిపించింది. ఏ బోల్టు ఎటు తిప్పాలో కాసేపు తోచలేదు. పెద్దావిడ నా చెంప మీద రెండు వేసింది. అప్పుడు తోచింది.

ఇంకో సంగతి. యాభై ఏళ్లుగా చెప్పాలనుకుని చెప్పలేదు. ఆ రోజు కాలవలో నేను లేవలేదు బావగారూ. అక్క నా జుట్టు పట్టుకుని లాగింది. మీరు గట్టు మీద కళ్లు మూసుకుని లెక్కపెడుతున్నారు. కొత్త బావ ముందు పరువు పోతుందని అక్కని చెప్పొద్దన్నాను. నీళ్లలో అయినా నయం, గుండె కొట్టుకుంటుంది, గొంతు బిగుసుకుంటుంది, ఒళ్లు చెబుతుంది. ఈ గదిలో ఒళ్లు ఏమీ చెప్పదట. మెకానిక్ అంటాడు, "దీపం ఆర్పినట్టే అన్నా, ఆరినట్టు దీపానికి తెలియదు" అని.

కాయ చూసి వెంటనే రాయండి.

మీ
చేప


జనవరి 4

ఒరేయ్ చేపా,

చేపవి నువ్వే! మీ అక్క లాగిందా, నువ్వే లేచావా అని ఇప్పుడు విచారణ పెడితే సాక్షులు ముసలాళ్లైపోయారు. వెళ్లావు, వచ్చావు, కాయ వచ్చింది. స్వెటరు చిరిగిందా? మీ అక్క అడుగుతోంది. తక్కింది నేను చదివి వినిపించలేదు.

ఇక కాయ. పెట్టె విప్పి ఊక దులిపాను. అదే గరుకు, అదే కుట్టు. చెవి దగ్గర పెట్టి ఊపాను. చప్పుడు లేదు. రెండో చెవికి పెట్టాను, కుడి చెవి నాకు కాస్త సోమరి. లేదు. వాసన చూశాను, పచ్చి ఆకు వాసన. సోంపు ఊసే లేదు. గోటితో నొక్కితే గోరు నొచ్చింది.

లెక్క వెయ్యి. అక్టోబరు మొదట్లో కోశారన్నావు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు. మూడు నెలలు నిండాయి. మీ నాన్న కాయ అయితే ఈపాటికి అలక దిగి గలగల్లాడాలి. ఇది ఇంకా మూతి ముడుచుకునే ఉంది. కుట్టు గీతదేముంది, నలభై రకాల్లో నాలుగింటికి ఉంటుంది. మేనమామ పోలిక ఉన్నంత మాత్రాన మేనమామ అయిపోతాడా? ఇది కాదు. అరవై ఏళ్లు ఆపిళ్లతో కాపరం చేసినవాణ్ని, నన్ను నమ్ము. కొరికి చూద్దామంటే మీ అక్క లాక్కుని అటకెక్కించింది. "తొందరెందుకు, ఉండనివ్వండి" అంది. ఉండనిస్తే ఫిబ్రవరి 25 ఉంటుందా?

గాజులోంచి మళ్లీ చూడు, కుట్టు ఉన్న కాయలు ఇంకే పెట్టెలో ఉన్నాయో. ఒక్కసారి, ఇంకొక్కసారే. దారి తెలిసిపోయింది కదా, ఈసారి ముప్ఫై కూడా పట్టదు.

ఇట్లు,
నీ బావ

తా.క.: ఈసారి స్వెటరు విప్పి వెళ్లు.


జనవరి 17

బావగారికి,

రాశారు కాబట్టి చూశాను. వెనక వరసలో, గోడ వైపు, 11 అని రాసిన పెట్టెలో కుట్టు ఉన్న కాయలు కనబడుతున్నాయి. ముందుదాని కంటే ఏడెనిమిది అడుగులు ఎక్కువ.

పెద్దావిడ ఈసారి తాడు పట్టుకోనంది. "ఒకసారి పట్టుకున్నాను, మూడు రాత్రుళ్లు నిద్ర లేదు. మీ బావకి చెప్పు, ఆ కాయేదో ఆయన్నే వచ్చి తీసుకోమని" అంది. ఆవిడ నోరు అంతే, తప్పుగా అనుకోకండి. మెకానిక్ చిన్న తలుపు బోల్టుల మీద గీతలు చూసి, "ఎవరు ముట్టుకున్నారు?" అని అడిగాడు. తెలియదన్నాను. ఆ తర్వాత తలుపు మీద ఎర్ర అక్షరాలతో బోర్డు ఒకటి పెట్టాడు. నేను చదవలేదు. నాకు ముందే తెలిసిన సంగతే ఉంటుంది.

అప్పటినుంచి తలనొప్పిగా ఉంటోంది. చలికేమో.

ఈ నెల 28 ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి వెళతాను. ఒక్కడినే అయినా ఫరవాలేదు, తాడు కొస గడియకి కట్టుకుంటాను. మీరు కాదంటే ఇది కాదనే అర్థం, ఆ విషయంలో మీ మాటకి తిరుగులేదు. నాన్న చెట్టు మన ఇంట్లో మళ్లీ లేస్తే అక్క మొద్దు మీదనుంచి లేస్తుంది. అంతకంటే ఏం కావాలి?

టోపీ ఆవిడ ఇంటి అడ్రసు నా డైరీలో ఉంది. నంబరు తేలగానే నేనే కబురు చేస్తాను.

మీ
చేప


జనవరి 28, ఆదివారం

చేపా,

వెళ్లొద్దు.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. చదివి, "శభాష్" అన్నాను. నిజం చెబుతున్నాను, శభాష్ అనే అన్నాను. ఈ పొద్దున మీ అక్క అటకెక్కి కాయ తీసుకొచ్చి, నేను పేపరు చదువుతుంటే వెనకనుంచి నా ఎడమ చెవి దగ్గర ఊపింది. మోగింది. గలగల మోగింది. గదంతా సోంపు.

ఏడో వరస. మొదటిదే. నువ్వు తెచ్చింది అదే.

తప్పు నాది. గదిలో నిద్రపోతుందని నువ్వు రాశావు, అక్టోబరు కాయ అక్టోబరు కాయలాగే ఉంటుందని రాశావు. నేను చదివాను. చదివి, నిద్రపోయిన నెలలు కూడా లెక్కలో వేశాను. దాని అలక నీ పెట్టె విప్పిన రోజునే మొదలైంది. గదిలోంచి వచ్చింది కాబట్టి కాస్త తొందరగా దిగింది, అంతే. అరవై ఏళ్లు కాపరం చేశానన్నాను చూడు.

ఇంకోటి. డిసెంబరు ఉత్తరంలో కాగితం అయిపోయిందని రాశాను. కాలేదు. వెనకవైపు మొత్తం ఖాళీ. మీ అక్క రాయమన్న మాట ఇది: "వాణ్ని ఊపిరి పందేలకి దింపకండి. వాడికి చేతకాదు, నాకు తెలుసు." నవ్వులాటకి అంటోందనుకున్నాను. ఎందుకు తెలుసో నువ్వు రాసిన రోజు కూడా నేను ఆవిణ్ని అడగలేదు.

టెలిగ్రాం ఇద్దామని వెళ్లాను. ఆదివారం, తలుపు మూసి ఉంది. కిటికీ కొట్టాను. కాపలావాడు వచ్చి, "రేపు ఎనిమిదింటికి" అన్నాడు. రేపు ఏడింటికే వెళ్లి నిలబడతాను.

గడియారం పదకొండున్నర. మీ అక్క చేతిలో కాయ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "పన్నెండింటికి వెళతానన్నాడా?" అని అడిగింది. నీ గడియారం ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందు ఉంటుందని గుర్తు చేసింది.

బావ


ఫిబ్రవరి 13

చేపా,

ఇది డబ్బాలో వెయ్యను. అయినా చేతికి అలవాటు.

సోమవారం నేనిచ్చిన టెలిగ్రాం, మీ మేనేజరు ఇచ్చిన టెలిగ్రాం ఒకే గంటలో ఒకదాన్నొకటి దాటుకుని వెళ్లాయట. ఇక్కడి గుమాస్తా చెప్పాడు, అదొక వింత అన్నట్టు. నేనూ ఒకప్పుడు అయితే ఆ వింత పది మందికి చెప్పేవాణ్ని. నీ ఊరు రైలెక్కి వెళ్లింది మీ అక్క, దర్జీ. నా మోకాళ్లు ఎక్కనివ్వలేదు. ఎక్కనిచ్చినా ఆవిడ రమ్మనలేదు.

ఏడో వరస అని టోపీ ఆవిడకి రాద్దామంటే అడ్రసు నీ డైరీలో ఉంది. మీ మేనేజరుకి రెండు ఉత్తరాలు రాశాను. విచారణ అయ్యేదాకా కాగితాలేవీ ఇవ్వరట. యంత్రాలు రావడానికి ఇంకా పన్నెండు రోజులుంది.

మీ అక్క మొద్దు మీద కూర్చోవడం మానేసింది. ఎక్కడా కూర్చోవడం లేదు.

ఈ రోజు పది గంటలకి పోస్టుమాన్ పార్సిలు తెచ్చాడు. పైన అడ్రసు నీ చేతిరాత కాదు, టైపు కొట్టింది. లోపల జాబితా ఒకటి. స్వెటరు ఒకటి, కళ్లజోడు ఒకటి, చేతి గడియారం ఒకటి, ఆపిల్ ఒకటి. అందినట్టు కింద సంతకం చేసి తిప్పి పంపమన్నారు. చేశాను. స్వెటరు మీ అక్క తీసుకుని లోపలికి వెళ్లింది.

కాయని తుడిచాను. తొడిమ దగ్గర కొంచెం సుద్ద అంటుకుని ఉంది. చెవి దగ్గర పెట్టి ఊపాను. చప్పుడు లేదు. నిచ్చెన వేసుకుని, అటక మీద మొదటిదాని పక్కన పెట్టాను.